గెట్టు పొంటి గీసిన రోడ్డు: ఒక మిల్లుల పట్టణం మాస్టర్ ప్లాన్ కేస్ స్టడీ

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఉన్న ఒక మున్సిపాలిటీకి 2041 వరకు పనికొచ్చేలా మాస్టర్ ప్లాన్, దాంతోపాటు కొత్త జోనింగ్ నిబంధనలు (ఏ భూమిని దేనికి వాడొచ్చో చెప్పే నియమాలు) తయారుచేసిన బృందంలో నేను ప్లానర్‌ని. ఊరి పేరు రాయడం లేదు. కొన్ని సర్వే నంబర్ల మీద తగాదాలు ఇంకా తేలలేదు. పేరు రాస్తే చదివేవాళ్లు అసలు విషయం వదిలేసి ఏ గీత ఎవరి పొలంలో పడిందో వెతుకుతారు.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు తిరిగినవాళ్లకు ఇలాంటి ఊరి రూపం తెలిసిందే. మెయిన్ రోడ్డుకు రెండు పక్కలా రైస్ మిల్లులు, మిల్లుల వెనుక కాలనీలు, కాలనీల వెనుక వరి మళ్లు, మళ్ల మధ్య హద్దు రాళ్లు పాతిన వెంచర్లు. కోతల సీజన్‌లో పచ్చి వడ్లు నింపుకొని వచ్చిన ట్రాక్టర్లు, లారీలు రోడ్డు మీదే బారులు తీరి ఉంటాయి.

ఇలాంటి పట్టణంలో ప్లాన్ మీద గొడవ జోన్ రంగుల గురించి వస్తుందని ఆఫీసుల్లో అనుకుంటారు. నేను చూసినంతవరకు అసలు గొడవ గీతల గురించి. రోడ్డు ఎవరి గెట్టు (పొలం హద్దు) దాటి ఎంత లోపలికి వస్తుంది, ఆ భారం ఎంతమంది మీద పడుతుంది అన్నది సరిగ్గా తేల్చితే మిగతాదంతా మాట్లాడుకోవచ్చు. అందుకే ఈ రాతలో ఎక్కువ భాగం గీతల గురించే ఉంటుంది.

పాత షీటు, కొత్త ఊళ్లు

ఊరికి పాత ప్లాన్ ఉంది. చేత్తో రంగులేసిన పెద్ద షీటు. ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, ఆఫీసులు, బడులు, ఆసుపత్రులకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. మడతల దగ్గర చిరిగిపోయి, చాలాచోట్ల సర్వే నంబర్లు చెరిగిపోయాయి. ఏ నంబరు ఏ జోన్‌లో ఉందో తేల్చి చెప్పే అధికారం చివరికి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోని పాత చైన్‌మన్ (కొలత గొలుసు పట్టే ఉద్యోగి) జ్ఞాపకశక్తికి దక్కింది. ఆయన లీవు పెడితే ఫైలు కూడా లీవు పెట్టేది.

2018 ఆగస్టులో రాష్ట్రమంతటా చాలా గ్రామ పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు చుట్టుపక్కల పల్లెలు కొన్ని ఈ ఊళ్లోనూ కలిశాయి. వాటికి జోనింగ్ అనేదే లేదు. నాలా కన్వర్షన్ (సాగు భూమిని సాగేతర వాడుకకు మార్చడం) అయిందా, ముందు ఎంత రోడ్డు ఉంది అన్న రెండు ప్రశ్నలతోనే పర్మిషన్లు నడిచిపోయేవి. పంచాయతీల కాలంలోనే అనుమతి లేని లేఅవుట్లు బోలెడు పడ్డాయి. 2020 ఆగస్టు 26 కటాఫ్‌తో ఎల్‌ఆర్‌ఎస్ (అలాంటి లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) వచ్చేసరికి వాటిలో ప్లాట్లు కొన్నవాళ్లంతా దరఖాస్తులు పెట్టుకున్నారు. కాబట్టి ప్రస్తుత భూ వినియోగం మ్యాపు గీయడానికి కూర్చుంటే మొదటి చిక్కు అక్కడే ఎదురైంది. కంటికి కనిపించేది వరి పొలం, రిజిస్ట్రేషన్ కాగితాల ప్రకారం అది రెండొందల గజాల ప్లాట్లు. మేం వాటిని వేరే గుర్తుతో చూపించాం. పొలం అని రాస్తే కొన్నవాళ్లు ఊరుకోరు, ఇళ్లు అని రాస్తే నీటి లైన్ల లెక్క తప్పుతుంది.

నక్షా ఒకటి, శాటిలైట్ ఒకటి

కేంద్రం 2015లో పట్టణ వసతుల కోసం అమృత్ పథకం తెచ్చాక, దాని కింద జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల వ్యవస్థ) ఆధారంగా మాస్టర్ ప్లాన్లు తయారుచేయడానికి 515 కోట్ల రూపాయలతో ఒక ఉప పథకం పెట్టింది. మన రాష్ట్రంలో ఆ జాబితాలో నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ శాటిలైట్ చిత్రాలతో 1:4000 స్కేల్‌లో బేస్ మ్యాపులు తయారయ్యే పద్ధతి అప్పుడే స్థిరపడింది. ఆ జాబితాలో లేని ఊళ్లలో కూడా మా లాంటి బృందాలు దాదాపు అదే పద్ధతి పాటిస్తున్నాయి.

1:4000 అంటే మ్యాపు మీద ఒక మిల్లీమీటరు నేల మీద నాలుగు మీటర్లు. దీన్ని అందరూ టెక్నికల్ వివరం అనుకొని దాటేస్తారు. పది గుంటల రైతు వైపు నుంచి లెక్క వేసి చూడండి. పది గుంటలంటే 1,210 గజాలు, సుమారు 1,012 చదరపు మీటర్లు. చదరంగా ఉందనుకుంటే భుజం 32 మీటర్లు. గీత మందం ఒక మిల్లీమీటరు అటు ఇటు జరిగితే ఆయన భూమిలో ఎనిమిదో వంతు అటు ఇటు అవుతుంది.

పైగా శాటిలైట్ బొమ్మ మీద గ్రామ నక్షా (సర్వే నంబర్ల హద్దుల మ్యాపు) పరిస్తే రెండూ కలవవు. నిజాం కాలపు సేత్వార్ (భూముల మూల రిజిస్టరు), గొలుసు కొలతలతో ఒక్కో సర్వే నంబరుకు వేసిన టిప్పన్లు, వాటిని కలిపి గీసిన నక్షా. కాగితం సాగింది, ముడుచుకుంది, స్కాన్ చేసినప్పుడు ఇంకొంత వంగింది. మూడు ఊళ్ల సరిహద్దులు కలిసే ట్రైజంక్షన్ రాళ్లు, పాత బావులు, చెరువు కట్ట చివరలు పట్టుకొని ఒక్కో గ్రామాన్ని విడిగా సరిచేశాం. ఆ పనికి సర్వేయర్లు దొరకడమే కష్టమైంది. దొరికినా, సబ్‌డివిజన్ అయిన బై నంబర్లకు స్కెచ్‌లు లేవు. 112లో అ, ఆ, ఇ అని పాస్‌బుక్కుల్లో ఉంటుంది కానీ ఆ మూడింటి మధ్య గెట్టు ఎక్కడుందో ఏ కాగితమూ చెప్పదు. నేల మీద నిలబడి రైతులను అడగడమే దారి.

జనాభా అంచనా మీద పెద్దగా చెప్పడానికి లేదు. 2011 తర్వాత జనగణన జరగలేదు కాబట్టి పాత లెక్కను ముందుకు సాగదీయడంతో పాటు ఇంటి పన్ను అసెస్‌మెంట్లు, గృహ కరెంటు కనెక్షన్లు, ఓటర్ల జాబితా చూసి సరిపోల్చాం. ఏ పద్ధతిలో చూసినా ఊరికి కావలసిన పసుపు కంటే అడుగుతున్న పసుపు ఎక్కువ. తన భూమి పసుపులో ఉండాలని ప్రతి పట్టాదారూ కోరుకుంటాడు. ఇళ్లు కట్టడానికి కాకపోయినా ధర కోసం.

కామారెడ్డి తర్వాత

మా డ్రాఫ్ట్ సగంలో ఉండగా 2023 జనవరి వచ్చింది. కామారెడ్డిలో ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో పరిశ్రమల జోన్, వంద అడుగుల రోడ్డు పచ్చని పొలాల మీదుగా చూపించారని రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. అభ్యంతరాలకు ఇచ్చిన 60 రోజుల గడువు ముగిసిన కొద్ది రోజులకే మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా అదే నెలలో అదే జరిగింది.

దాని ప్రభావం అన్ని ఊళ్ల మీదా పడింది. మా కౌన్సిలర్లలో కొందరు "ఇప్పుడు మ్యాపు బయటపెట్టొద్దు, ఎలక్షన్ల తర్వాత చూద్దాం" అన్నారు. ఇంకొందరు వ్యవసాయ జోన్‌కు వేసిన ఆకుపచ్చ రంగే తీసెయ్యమన్నారు. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. కామారెడ్డిలో ప్లాన్ బాగుందా లేదా అన్న చర్చ నాది కాదు. కానీ ఏ ఊళ్లోనైనా రైతుకు తన సర్వే నంబరు ఏ జోన్‌లో పడిందో వాట్సాప్‌లో తిరుగుతున్న మసక ఫొటో చూసి తెలిసిందంటే, ఆ తర్వాత ఆఫీసర్లు ఏం చెప్పినా నమ్మరు. చట్టం అడిగే 60 రోజులు మొదలవక ముందే చూపించాలి, అది కూడా మ్యాపుగా కాకుండా జాబితాగా చూపించాలి అని పట్టుబట్టాం.

జాబితా అంటే గ్రామం వారీగా, సర్వే నంబరు వారీగా నాలుగు గళ్ల పట్టిక. నంబరు, పాత ప్లాన్‌లో ఏ జోన్, ఇప్పుడు ఏ జోన్ ప్రతిపాదిస్తున్నాం, రోడ్డు పడుతుందా పడితే ఏ వైపు నుంచి ఎంత వెడల్పు. పాత పంచాయతీ ఆఫీసుల గోడలకు అంటించాం. మన రైతుకు మ్యాపు చదవడం రాకపోవచ్చు, తన నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ రోజు సాయంత్రానికే మొదటి ప్రశ్నలు వచ్చాయి.

"సారూ, పచ్చరంగు అని రాసిన్రు. అంటే మా భూమి సర్కారు తీస్కుంటదా?"

తీసుకోదు. జోన్ మారితే యాజమాన్యం మారదు, పట్టా మారదు, పంట సాయం (అప్పటి రైతుబంధు) ఆగదు, సాగు ఆపక్కర్లేదు. ఇది చెప్పడం సులువే. కానీ అక్కడితో ఆపితే అది సగం నిజమే. వ్యవసాయ జోన్‌లో ఉంటే వెంచర్ వేయలేరు, కాబట్టి అమ్మబోతే ధర తగ్గుతుంది. రోడ్డు గీత లోపల ఉంటే ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు. రోడ్డు ఎప్పుడు వేస్తారో తెలియదు, పరిహారం ఎప్పుడిస్తారో తెలియదు, ఏళ్ల తరబడి భూమి అలా ఇరుక్కుపోతుంది. ఈ సంగతి కూడా మేమే ముందు చెప్పాం. దాంతో అరుపులు తగ్గాయని చెప్పను, కాకపోతే ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలు పనికొచ్చేవి.

వంద అడుగుల గీత

మాకంటే ముందు తయారైన ఒక కాన్సెప్ట్ మ్యాపులో ఊరి చుట్టూ వంద అడుగుల రింగు రోడ్డు ఉంది. స్క్రీన్ మీద చూస్తే అందంగా ఉంటుంది, నున్నటి వంపు. నేల మీద అది ప్రతి పొలాన్నీ ఏటవాలుగా కోసుకుంటూ పోయింది. ఒక మడిలో ఇటు మూల తెగిపోతుంది, పక్క మడిలో అటు మూల. మిగిలిన ముక్కలు త్రికోణాలు. వాటిలో నాగలి తిరగదు, ట్రాక్టర్ అసలే తిరగదు, ఇల్లు కడదామంటే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలాక గది కూడా మిగలదు.

వంద అడుగులంటే 30 మీటర్ల పైచిలుకు. కిలోమీటరుకు ఏడున్నర ఎకరాలు పోతాయి. ఇందాకటి పది గుంటల రైతు పొలం నడుమ నుంచి ఆ రోడ్డు వెళ్తే 32 మీటర్లలో మిగిలేది ఒడ్డు మాత్రమే. పక్కనే పదెకరాల ఆసామికి మూలన చిన్న ముక్క పోయి, మిగతా భూమికి వంద అడుగుల రోడ్డు ముఖం వచ్చి కోట్లు అవుతుంది. ఒకే గీత ఒకరిని ముంచి ఇంకొకరిని లేపుతుంది. ప్రజాప్రయోజనం అనే మాట ఈ ఇద్దరికీ ఒకేలా వినిపించదు.

దారి చూపింది ఒక ముసలాయన. పట్టిక చూసుకొని వచ్చి అన్నాడు: "నా పొలం నడుమకెళ్లి గీస్తే నేనొక్కణ్ణే మునుగుత. గెట్టు పొంటి గీయున్రి, చెరి సగం పోతది. పక్కాయనకు నేను చెప్పుకుంట."

మేం ఆ తర్వాత రింగును మొత్తం విప్పి మళ్లీ గీశాం. ముందు గ్రామ నక్షాల్లో జంట చుక్కల గీతలతో చూపించిన బండ్ల బాటలను వెతికాం. వాటిలో చాలా వరకు ఇప్పుడు పొలాల్లో కలిసిపోయాయి, కానీ రికార్డు ప్రకారం దారి దారే. అవి ఉన్నచోట రోడ్డు మధ్య గీతను బాట మీద పెట్టాం. బాట లేనిచోట రెండు సర్వే నంబర్ల గెట్టు మీద. వెడల్పు ఇద్దరికీ సమానంగా పంచాం. ఎక్కడైనా గెట్టు మలుపు తిరిగితే రోడ్డునూ తిప్పాం. ఈ మార్పుతో పొలాల మధ్య నుంచి ఏటవాలుగా పోయే కోతలు దాదాపు లేకుండా పోయాయి, త్రికోణం ముక్కలు అక్కడక్కడా మాత్రమే మిగిలాయి.

దీనికి ఇంజనీర్ల అభ్యంతరం న్యాయమైనదే. గెట్లు వంకరగా ఉంటాయి, లారీలు తిరిగే రోడ్డుకు అలాంటి వంకరలు పనికిరావు. మలుపు దగ్గర వేగం తగ్గదు, లోడు వంగుతుంది, ప్రమాదాలు. చివరికి రోడ్డును రెండు రకాలుగా విడగొట్టాం. హైవే నుంచి కొత్త పరిశ్రమల జోన్ వరకు లారీలు నడిచే భాగం వంద అడుగులు, వంపులు ఇంజనీర్లు చెప్పినట్టు. మిగతా రింగు అరవై అడుగులు, గెట్ల వెంబడి, దాని రెండు పక్కలా బిల్డింగ్ లైన్ (కట్టడం దాటి ముందుకు రాకూడని గీత) ఇంకాస్త వెనక్కి. రేపు వెడల్పు చేయాల్సి వస్తే గోడలు కూల్చే పని ఉండదు. అరవై అడుగులైతే గెట్టుకు చెరోపక్క తొమ్మిది మీటర్లు. పది గుంటల రైతుకు నష్టమే, కానీ ఆయన పొలం పొలంగానే ఉంటుంది.

ఈ మార్పు చేస్తున్నప్పుడు ఒక సలహా పదే పదే వచ్చింది: పట్టా భూముల జోలికి పోకుండా సర్కారు భూమి మీదికి జరపండి. వినడానికి బాగుంటుంది. రికార్డు తీస్తే ఆ సర్కారు భూమిలో ఎక్కువ భాగం అసైన్డ్ (పేదలకు సాగుకు ఇచ్చినది), ఊళ్లో మాటలో లావణి పట్టాలు. చాలా వరకు దళిత కుటుంబాలు దున్నుకుంటున్న ఎకరం, అర ఎకరం. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకూడదు, బదలాయించకూడదు. దాంతో ఆ భూమికి ధర లేదు, తీసుకుంటే గొడవ చేసేవాళ్లు ఉండరు అన్న అలవాటు ఆఫీసుల్లో పాతుకుపోయింది. గొడవ చేసే శక్తి లేనివాళ్ల మీదికి గీతను జరపడాన్ని నేను ప్లానింగ్ అనను. అసైన్డ్ నంబర్లకు కూడా పట్టా నంబర్లకున్న నియమమే, అంటే గెట్టు మీద చెరి సగం, అని రాతపూర్వకంగా పెట్టాం. కౌన్సిల్‌లో దీని మీద జరిగినంత వాదన ఇంకే అంశం మీదా జరగలేదు.

కాలువ కట్ట మీద వేద్దాం అన్న సలహా కూడా వచ్చింది. డిస్ట్రిబ్యూటరీ (ఉప కాలువ) పక్కనున్న బాట ఇరిగేషన్ వాళ్లది, పూడిక తీసే మిషన్లు అక్కడి నుంచే పోవాలి. ఆ శాఖ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సరైంది.

మత్తడి ఎత్తున

చెరువుల చుట్టూ ఎంత వదలాలో రూల్సులో స్పష్టంగానే ఉంది. భవన నిర్మాణాల మీద 2012లో వచ్చిన 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటలకు 9 మీటర్లు. వాగు, నాలా, కాలువ వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. చిక్కు ఎఫ్‌టీఎల్ ఎక్కడ అన్నదే. నోటిఫై అయిన మ్యాపు లేని చెరువుకు ఎవరికి నచ్చినట్టు వాళ్లు గీస్తారు. ఎండాకాలం శాటిలైట్ బొమ్మలో నీళ్లున్న మేరకు గీస్తే చెరువు సగమైపోతుంది.

పాత పద్ధతే నమ్మదగినది. మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే కట్టడం) పైమట్టం పట్టుకొని, లెవెల్ మిషన్‌తో అదే ఎత్తును చెరువు చుట్టూ తిప్పుకుంటూ రావాలి. మత్తడిని ఎవరైనా తగ్గించారా లేదా అన్నది ముందు చూడాలి. కొన్నిచోట్ల కాంక్రీటు పగలగొట్టి ఎత్తు తగ్గించిన గుర్తులు కనబడతాయి. నీళ్లు తొందరగా పోయి పైనున్న భూమి తేలాలని ఎవరో చేసిన పని అది. సాగర్ నీళ్లు వచ్చాక ఆయకట్టు చెరువులకు కాలువ ఊట, పొలాల నుంచి దిగే నీళ్లు కూడా చేరతాయి కాబట్టి ఒకప్పుడు ఎండే కుంటలు కూడా ఇప్పుడు నిండుగా ఉంటున్నాయి.

శిఖం (చెరువు లోపలి ముంపు భూమి) పట్టాలున్నవాళ్లకు ఇక్కడ వాదన ఉంది. పట్టా మాదే, పన్ను కట్టాం అంటారు. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడానికి అభ్యంతరం లేదు, ఇల్లు కట్టడం కుదరదు. దీన్ని మార్చే అధికారం మాస్టర్ ప్లాన్‌కు లేదు.

పార్కుల కంటే నేను ఎక్కువ పట్టుబట్టింది నాలాల మీద. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి నుంచి కింది చెరువుకు పోయే పాయలు నక్షాలో ఉంటాయి, వెంచర్ బ్రోచర్లలో ఉండవు. ప్రతి పాయనూ సర్వే నంబర్లతో జాబితాలో ఎక్కించాం.

పార్కుల సంగతికొస్తే, పట్టణ ప్రణాళికల మీద కేంద్రం ఇచ్చిన 2014 నాటి యూఆర్‌డీపీఎఫ్‌ఐ మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. అనుమతి ఉన్న లేఅవుట్లలో పది శాతం ఖాళీ స్థలం వస్తుంది. అనుమతి లేనివాటిలో ఆ పది శాతం వదల్లేదు కాబట్టి ఎల్‌ఆర్‌ఎస్‌లో ప్లాట్ విలువలో 14 శాతం డబ్బుగా తీసుకుంటారు. డబ్బు ఖజానాకు చేరుతుంది, ఆ కాలనీలో పిల్లలు ఆడుకునే జాగా మాత్రం రాదు. ఉన్న ప్లాట్ల మధ్య పచ్చ చుక్క పెట్టి ఎవరో ఒకరి ప్లాటును పార్కు చేయడం అన్యాయం. చెరువు కట్టలు, మార్కెట్ యార్డు పక్క సర్కారు జాగా, పాత పంచాయతీ స్థలాలతో సరిపెట్టాం. కావలసిన దానికి ఇది తక్కువే.

మిల్లులు ఎక్కడికి పోవాలి

జోనింగ్ నిబంధనల్లో అన్నిటికంటే కష్టమైనది ఇదే. పాత షీటులో మిల్లుల పట్టీ ఊదా రంగులో ఉంది. అప్పుడు అది ఊరి బయట. ఇప్పుడు ఆ పట్టీకి రెండు పక్కలా ఇళ్లు, స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు. బాయిల్డ్ రైస్ మిల్లులో ఊకతో మండే బాయిలర్ ఉంటుంది. బూడిద డాబాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. నానబెట్టిన వడ్ల నీళ్ల వాసన గురించి ఆ పక్కన కాపురం ఉన్నవాళ్లను అడగాలి. కాలనీవాళ్లు మిల్లులు లేచిపోవాలంటారు. మిల్లర్లు మేమొచ్చాకే మీరొచ్చారంటారు. రెండూ నిజమే.

తేలిక దారి ఏమిటంటే ఆ పట్టీకి పసుపు రంగేసి, మిల్లులను జోన్‌కు సరిపడని కట్టడాలుగా చూపించడం. అలా చేస్తే మిల్లు విస్తరించలేదు, కొత్త మిషన్ పెట్టడానికి బ్యాంకు లోను దొరకడం కష్టమవుతుంది. ఫలితంగా మిల్లు పోదు, పాత బాయిలర్‌తో, పాత పొగతోనే ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తుంది. రంగు ఊదాగానే ఉంచితే కొత్త మిల్లులు కూడా అక్కడే వస్తాయి.

మేం రాసింది మూడో దారి. ఆ పట్టీని మార్పు చెందే ప్రాంతంగా పెట్టాం. ఉన్న మిల్లు ఉండొచ్చు. పొగ, ధూళి తగ్గించే మిషన్లకు, వడ్లు ఆరబెట్టే డ్రైయర్లకు అనుమతి ఉంది. కొత్త బాయిలర్‌కు లేదు. లారీలు ప్రాంగణం లోపలే ఆగాలి, గేటు ముందు క్యూ కడితే పర్మిషన్ రెన్యువల్‌కు ఇబ్బంది. మిల్లు మూసేస్తే ఆ భూమికి విడిగా భూ వినియోగ మార్పు జీవో అక్కర్లేకుండానే ఇళ్లకు, దుకాణాలకు వాడుకోవచ్చు, ఖాళీ స్థలం నియమం పాటిస్తే చాలు. మిల్లర్లకు నచ్చింది ఈ చివరి వాక్యమే. ఊరి నడిబొడ్డున ఎకరాల కొద్దీ భూమి ఉన్నవాళ్లకు కదలడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. వాళ్లకు ఇది మరీ ఉదారంగా ఉందని కాలనీల సంఘాలు అన్నాయి. నేను కాదనను. కానీ తరలించడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదు, భూమి విలువ ఒక్కటే ఉంది.

కొత్త పరిశ్రమల జోన్ స్థలం ఎంపికలో గాలి దిశ మీద చర్చ నడిచింది. సంవత్సరం మొత్తానికి ఎక్కువగా వీచే గాలి చూసి దానికి దిగువన పెట్టడం పుస్తకాల పద్ధతి. మన దగ్గర నైరుతి గాలులు బలంగా ఉంటాయి కాబట్టి ఊరికి ఈశాన్యాన పెట్టమని మొదటి సూచన. కానీ వానకాలం వడ్లు మిల్లుకొచ్చి బాయిలర్లు పగలూ రాత్రీ మండేది నవంబర్, డిసెంబర్లలో. అప్పుడు గాలి తూర్పు, ఈశాన్యం నుంచే. పొగంతా ఊరి మీదికి వస్తుంది. జోన్‌ను ఆ వైపు నుంచి తప్పించి, హైవేకు దగ్గరగా, రెండు గాలుల దారికీ పక్కగా ఉన్న చోటికి మార్చాం. అక్కడ వరి తక్కువ, చౌడు భూములు ఎక్కువ.

దుకాణాల విషయంలో నీలం పట్టీలు దాదాపు వదిలేశాం. ప్రతి కౌన్సిలరూ తన వార్డు రోడ్డుకు కమర్షియల్ పట్టీ అడిగాడు. దానికి బదులు రోడ్డు వెడల్పును బట్టి వాడుక పెట్టాం. ఇరుకు గల్లీలో కిరాణా, టైలరింగ్, క్లినిక్ వరకు. నలభై అడుగులు దాటితే ఇంకొన్ని. అరవై దాటితే షోరూమ్, బ్యాంకు, ఫంక్షన్ హాలు, పార్కింగ్ చూపిస్తేనే. కింద షాపు, పైన ఇల్లు అన్నది మన ఊళ్లలో సహజం, దాన్ని నేరం చేసే జోనింగ్ ఎలాగూ అమలు కాదు. ఇలా చేస్తే ఇంటి పన్ను పెరుగుతుందని భయపడినవాళ్లకు, పన్ను మాస్టర్ ప్లాన్ జోన్‌ను బట్టి కాదు, వాస్తవంగా వాడుతున్న దాన్ని బట్టి అని మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అభ్యంతరాల నుంచి ఆమోదం దాకా

ముందే చూపించినా, 60 రోజుల్లో అభ్యంతరాలు సంచుల కొద్దీ వచ్చాయి. ఎక్కువ రోడ్ల మీద, తర్వాత చెరువు బఫర్ల (చెరువు చుట్టూ వదలాల్సిన స్థలాల) మీద. వెంచర్లవాళ్ల అర్జీలు వేరే రకం. వాటిలో అభ్యంతరం ఉండదు, కోరిక ఉంటుంది. ప్రతిదానికీ సర్వే నంబరు, చూసి వచ్చిన తేదీ, ఒప్పుకున్నామా లేదా, ఎందుకు అన్నది ఒక్క పేరాలో రాసి అర్జీదారుకు ఇచ్చాం. కాదన్నా సరే, కారణం రాసిన కాగితం చేతికి వచ్చినవాళ్లు చాలామంది మళ్లీ రాలేదు.

కౌన్సిల్ తీర్మానంతో ప్లాన్ అమల్లోకి వస్తుందని ఊళ్లో అందరి నమ్మకం. కౌన్సిల్ సిఫారసు చేస్తుంది, రాష్ట్ర టౌన్ ప్లానింగ్ డైరెక్టరేట్ డీటీసీపీ పరిశీలిస్తుంది, మంజూరు చేసేది మున్సిపల్ పరిపాలన శాఖ ఉత్తర్వుతో ప్రభుత్వం. అక్కడ కూడా గీతలు కదలొచ్చు. మా ప్లాన్‌లో పెద్దగా కదల్లేదు. అంతకంటే నాకు టెన్షన్ పెట్టేది ఆమోదం తర్వాత ఒక్కో సర్వే నంబరుకు విడివిడిగా వచ్చే భూ వినియోగ మార్పులు. ఐదెకరాలు ఇక్కడ, రెండెకరాలు అక్కడ. ఇరవై ఏళ్ల ప్లాన్‌ను ఐదేళ్లలో అవే తినేస్తాయి. నిబంధనల్లో ఒక షరతు చేర్చగలిగాం: నాలా, ఎఫ్‌టీఎల్ బఫర్ తగిలిన నంబర్లకు మార్పు అర్జీని మున్సిపాలిటీ పైకి పంపకూడదు.

అమలులో మొదట కనబడిన తేడా పర్మిషన్ల దగ్గర. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం కింద 75 గజాల లోపు ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు వరకు సొంత ధ్రువీకరణతో వెంటనే పర్మిషన్. ముందు తనిఖీ ఉండదు, తర్వాతే వస్తారు. అలాంటి వ్యవస్థలో మ్యాపు గోడ మీద ఉంటే లాభం లేదు. సర్వే నంబరు కొట్టగానే జోన్, రోడ్డు వెడల్పు, బఫర్ కనబడాలి. గ్రామాల గోడలకు అంటించిన ఆ పట్టికే కొద్ది మార్పులతో కంప్యూటర్లోకి ఎక్కింది.

టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) మాత్రం పనిచేయలేదు. రోడ్డుకు భూమి ఇచ్చినవాళ్లకు ఆ హక్కు పత్రం ఇస్తే వేరేచోట అదనపు అంతస్తుకు అమ్ముకోవచ్చు. హైదరాబాద్‌లో కొనేవాళ్లుంటారు. ఇక్కడ రెండంతస్తులు దాటి కట్టేవాళ్లే తక్కువ, ఆ పత్రం బీరువాలో ఉండిపోతుంది. దాంతో రింగు రోడ్డు భూమి రెండు దారుల్లోనే రావాలి: ఎవరైనా కట్టడానికి పర్మిషన్ అడిగినప్పుడు సెట్‌బ్యాక్ సడలింపుకు బదులుగా వదిలేది, లేదా 2013 భూసేకరణ చట్టం కింద డబ్బిచ్చి తీసుకునేది. మొదటి దారిలో రోడ్డు అక్కడొక ముక్క ఇక్కడొక ముక్కగా తేలుతుంది. ప్రస్తుతానికి హైవే నుంచి పరిశ్రమల జోన్ వరకున్న భాగానికి మాత్రమే సేకరణ ప్రతిపాదన కదిలింది. వచ్చే వానకాలం కోతల లోపు అక్కడ హద్దు రాళ్లు పాతాలి, దానికి సర్వేయర్ల కోసం కలెక్టరేట్‌కు రాసిన లేఖకు జవాబు రావాల్సి ఉంది.